నా చేతి ముద్దలో ఏమీ కలపలేదు

మా ఆయన ఒక గొర్రెపిల్లను తప్పు తల్లి కిందికి వదిలిన పొద్దున నాకు మొదటి అనుమానం వచ్చింది.

గొర్రెలు ఉన్న ఇళ్ళలో తెల్లవారగానే చేసే పని ఒకటుంది. రాత్రి విడిగా మూసి ఉంచిన పిల్లలను ఒక్కొక్కటిగా పట్టుకుని వాటి తల్లుల దగ్గరికి వదలాలి. చూసేవాళ్ళకు పిల్లలన్నీ ఒకే మాదిరిగా ఉంటాయి. మా ఆయన కాశయ్య మాత్రం చెవి తడిమి ఇది ఫలానా దాని పిల్ల అని చెప్పేస్తాడు. ఆ రోజు ఒక పిల్లను తీసుకెళ్ళి వేరే గొర్రె పొదుగు కింద పెట్టాడు. అది కుమ్మింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కుమ్మింది. "కన్నపిల్లను వద్దంటావా?" అంటూ కర్ర తీసుకుని దాన్ని కొట్టాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన గొర్రె మీద చెయ్యెత్తగా నేను చూడలేదు.

"బావా, అది దాని పిల్ల కాదు" అన్నాను.

"నాకు చెప్తావా నువ్వు?" అని నా వైపు చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు పలచగా ఉంటే పోసినవాణ్ణి నిలదీస్తాను, బస్సు ఆలస్యమైతే కండక్టర్‌ను అనుమానిస్తాను. కాబట్టి ఆ పొద్దునే నా బుర్ర పని మొదలుపెట్టింది. ముందు రోజు చేలో తాగిన కల్లు ఏమైనా తేడానా? గొర్రెలకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు పోసిన చేతులతోనే అన్నం తిన్నాడా? పురుగూ పుట్రా ఏమైనా ముట్టిందా? ఒళ్ళంతా వెతికాను. దోమకాట్లు తప్ప ఏమీ కనిపించలేదు. దోమకాట్లను ఎవరు లెక్క చేస్తారు?

మాది తర్లుపాడు మండలంలో ఒక ఊరు. మా వైపు పంట కోసిన చేలల్లో రాత్రిళ్ళు గొర్రెల మంద నిలిపితే ఎరువు పడుతుందని రైతులు పిలిచి మరీ కట్టించుకుంటారు. మందతో పాటు మనిషి కూడా ఆ చేలోనే గొంగడి కప్పుకుని పడుకోవాలి. ఆ ఏడు వానలు బాగా పడి, పని ఆగిపోయిన పలకల గని గుంత ఒకటి నిండా నీళ్ళతో ఉంది. దాని పక్క చేలోనే ఆయన మంద కట్టాడు. గుంత చుట్టూ తుమ్మచెట్ల మీద కొంగలు వాలి తెల్లగా ఉంటున్నాయని, దోమలు ముసురుకుంటున్నాయని ఇంటికొచ్చినప్పుడు చెప్పేవాడు. చెప్పి మళ్ళీ అక్కడికే పోయేవాడు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇచ్చాడు. జ్వరం దిగినట్టే దిగి మర్నాటికి ఇంకా ఎక్కువైంది. వాంతులు. తల పగిలిపోతోందని మొత్తుకున్నాడు. తలుపు తీస్తే వెలుతురు పడక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి మాట మారిపోయింది. "గుంత కాడ ఎవరో పిలుస్తున్నరు, పోవాల" అని లేచి గోడకేసి నడిచాడు.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. పేరు గురవమ్మ. నాకు మేనత్త, మా నాయనకు తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషే. కానీ ఆ మధ్య మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. మా అమ్మాయి మార్కాపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. మంద సగం అమ్మేసి మార్కాపురంలో కాపురం పెడదాం, పిల్ల మన దగ్గరే ఉండి చదువుకుంటుంది అని నేనన్నాను. మా ఆయన సరేనన్నాడు. అమ్మ మాట ఎప్పుడూ జవదాటని మనిషి నేను అడగ్గానే సరేననడం మా అత్తకు మింగుడు పడలేదు.

మా వైపు పెట్టుడు మందు అని ఒక మాట ఉంది. ఎవరో ఏదో అన్నంలో కలిపి తెలియకుండా పెడతారని, అది కడుపులో ముద్ద కట్టి మనిషిని తమ ఇష్టం వచ్చినట్టు ఆడిస్తుందని నమ్ముతారు. మొగుడు తన మాట వినాలని పెళ్ళామే పెడుతుందని కూడా అంటారు. దాన్ని కక్కించే మనుషులు వేరే ఉంటారు.

మా అత్త ఆయన్ను చూసింది, నన్ను చూసింది. "జొరం కాదిది. వీడికెవురో మందు పెట్టినారు" అంది. ఎవరో అని నోటితో అన్నా, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"ఆసుపత్రికి పోదాం అత్తా."

"కక్కించినాక పోదాం. లోపల మందు పెట్టుకొని సూదులేస్తే మనిషి దక్కడు."

నేను గట్టిగా కాదనలేకపోయాను. కాదంటే, కక్కిస్తే బయటపడుతుందని భయపడుతోంది అంటారు. ఆలోచించండి, మొగుడు ఒంటి మీద తెలివి లేకుండా ఉంటే, నేను నా పేరు కాపాడుకోవడం కోసం ఆటో ఎక్కి కూర్చున్నాను.

యర్రగొండపాలెం రోడ్డులో ఒక ఊళ్ళో ఉన్నాడు ఆ మందు కక్కించేవాడు. ఏదో ఆకు పసరు గ్లాసు నిండా తాగించాడు. మా ఆయన కడుపులోది మొత్తం కక్కేశాడు. వాడు ఒక పుల్లతో ఆ కక్కును కెలికి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి బయటికి లాగాడు. "ఇదిగో పెద్దమ్మా. నీ ఇంటి మనిషే పెట్టింది. నువ్వు నమ్మిన చెయ్యే" అన్నాడు. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, నోటి నుంచి జొల్లు కారుతుండగా, ఆ మాటకు తల ఊపాడు. ఊపి నా వైపు చూశాడు. ఆ చూపు నేను బతికున్నంత కాలం మర్చిపోను.

నా అనుమానపు బుద్ధి ఆ రోజు నాకు ఒక్క మేలు చేసింది. ఆ ముద్దను నేను దగ్గరగా చూశాను. అంత పసరులో, అంత నీళ్ళలో పడి వచ్చిన ముద్ద పొడిగా ఉంది. వాడి పంచె మడతలో ఇంకెన్ని ఉన్నాయో. నోరు తెరిచి చెబుదామనుకునేలోపు మా అత్త వాడి కాళ్ళకు దండం పెట్టేసింది.

తిరిగి వస్తుంటే ఆటోలోనే ఫిట్స్ వచ్చింది. ఎడమ చెయ్యి కొట్టుకుంటూ ఒళ్ళంతా బిగుసుకుపోయింది. అప్పుడు నేను ఎవరినీ అడగలేదు. "ఆసుపత్రికి పోనియ్ అన్నా" అని ఆటో అతని వీపు మీద కొట్టాను. మా అత్త ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

మార్కాపురంలో డాక్టరు మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి చూశాడు. మెడ వంగలేదు. "మెదడువాపు లాగుందమ్మా. ఇక్కడ ఆపితే మనిషి దక్కడు, గుంటూరు తీసుకుపోండి" అని ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్స్ ఎక్కించాడు. వినుకొండ దాటేదాకా నేను ఆయన ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాను, లేస్తోందా పడుతోందా అని.

గుంటూరులో చేర్చుకున్న ఆసుపత్రిలో న్యూరో డాక్టరమ్మ ఉంది. కేస్ షీట్ మీద ఎక్యూట్ ఎన్‌సెఫలైటిస్ అని రాసి, ముందు సస్పెక్టెడ్ అని పెట్టింది.

"సస్పెక్టెడ్ అంటే ఏంది మేడమ్?"

"అనుమానం అమ్మా. మెదడులోకి ఏదో ఇన్‌ఫెక్షన్ పోయిందని అనుమానం. ఏదో తేలాలి."

అనుమానించే వాళ్ళ చేతిలోనే పడ్డాం అనుకున్నాను. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంటి దగ్గర పందులు ఉన్నాయా? వరి మళ్ళు ఉన్నాయా? కుక్క కరిచిందా? పురుగుమందు కొట్టాడా? ఎవరైనా ఏమైనా తాగించారా? ఆ చివరి ప్రశ్నకు మా అత్త, "ఆమెనే అడుగు తల్లీ, వండిపెట్టేది ఆమెనే" అంది. నా ఒళ్ళు మండిపోయింది. "పసరు తాగించింది ఎవరో కూడా చెప్పు అత్తా" అన్నాను. డాక్టరమ్మ పెన్ను ఆపి, "ఏం పసరు?" అంది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పసరు కొంత ఊపిరితిత్తుల్లోకి కూడా పోయిందని తర్వాత ఎక్స్‌రేలో తెలిసింది. దాని మూలంగా నిమోనియా వచ్చి ఆయన వెంటిలేటర్ మీదికి పోయాడు.

నేను వాళ్ళను కూడా వదల్లేదు. జబ్బేంటో తెలియకుండానే సెలైన్‌లో ఇన్ని మందులు ఎందుకు ఎక్కిస్తున్నారు? ఎసైక్లోవిర్ అని ఒకటి రోజంతా వేళ తప్పకుండా ఎక్కిస్తున్నారు. నర్సును అడిగితే హెర్పిస్ వైరస్‌కు అంది. హెర్పిస్ అని తేలిందా అంటే తేలలేదంది. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఆమె విసుక్కోలేదు. "మందు ఉన్న జబ్బును ముందు అనుమానించాలమ్మా. మందు లేని జబ్బుల సంగతి తర్వాత. హెర్పిస్ అయితే ఆలస్యం చేస్తే మనిషిని పోగొట్టుకుంటాం. కాదని రిపోర్టు వస్తే అదే రోజు ఆపేస్తాను." రిపోర్టు వచ్చింది, ఆపేసింది. వాళ్ళ అనుమానం పరీక్షకు పోయి, తప్పని తేలితే అక్కడితో ఊరుకుంటుంది. మా ఇంటి అనుమానం పరీక్షకు పోదు, ఊరుకోదు. ఆ తేడా నాకు ఆ ఐసీయూ గుమ్మం దగ్గర అర్థమైంది.

అసలు గొడవ మాత్రం ఆ రిపోర్టు రావడానికి ముందు, లంబార్ పంక్చర్ దగ్గర వచ్చింది. వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షించాలన్నారు. "ఎన్నుపూసలో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతయ్. మా ఊళ్ళో ఒకాయనకు అట్లనే అయింది. నేనొప్పుకోను" అని మా అత్త తలుపుకు అడ్డంగా కూర్చుంది. నాకూ భయమే. నేనూ అటువంటి కథలు వినే పెరిగాను. కానీ తీయకపోతే ఏమిటో తేలదు, తేలకపోతే పెట్టుడు మందు అనే మాటే మిగిలిపోతుంది. ఆయన ప్రాణం కోసం పెట్టానో, నా పేరు కోసం పెట్టానో, రెండింటికీ కలిపి సంతకం పెట్టాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన ఎడమ కాలు కదలడం మానేసింది.

"చూసినావా? చెప్తే విన్నావా? సంతకం పెట్టింది నువ్వే" అని మా అత్త వార్డు బయట అందరూ వినేలా అరిచింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.  ఆ పూట నాకు డాక్టరమ్మ మీద, సూది మీద, నా సంతకం మీద కూడా అనుమానం వచ్చింది. నేనే చచ్చిపోతే బాగుండు అనిపించింది, అబద్ధం చెప్పను.

డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. అప్పటికి మిగతా రిపోర్టులూ వచ్చాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ నెగెటివ్, డెంగీ నెగెటివ్. వెన్ను నీళ్ళలో వెస్ట్ నైల్ ఐజీఎమ్ పాజిటివ్. ఆ పేరు అంతవరకూ నేను వినలేదు.

"ఇది పక్షుల్లో తిరిగే వైరస్. పక్షిని కుట్టిన దోమ మనిషిని కుడితే మనిషికి వస్తుంది. చాలామందికి జ్వరం కూడా రాదు. కొద్దిమందికే మెదడుకు ఎక్కుతుంది" అంది.

"గొర్రెల నుంచి కాదా మేడమ్?" అన్నాను. మందను అమ్మేయమని చెప్పడానికి ఒక సాకు దొరికిందని లోపల ఆశ కూడా పడ్డాను.

"గొర్రెల తప్పేం లేదమ్మా. మీ నీళ్ళ గుంత, మీ కొంగలు, మీ దోమలు."

"దోమ ఒంటి మీద కుడితే మెదడుకు ఎట్ల పోతుంది?" అని మా అత్త అడిగింది. అది ప్రశ్న కాదు, కోర్టులో అవతలి ప్లీడరు అడిగినట్టు ఉంది.

డాక్టరమ్మ ఒక కాగితం తీసి గుండ్రంగా ఒక గీత గీసింది. "ఇది ఒంట్లో ఒక కణం అనుకో పెద్దమ్మా. దీని పైన చిన్న చిన్న పిడుల్లాంటివి ఉంటాయి, కావలసిన వాటిని పట్టుకుని లోపలికి తీసుకోవడానికి. ఈ వైరస్ ఆ పిడిని పట్టుకుంటుంది. కణం అది తనకు కావలసిన వస్తువే అనుకుని మింగేస్తుంది. మింగిన సంచిలో పులుపు పెరుగుతుంది. ఆ పులుపు తగలగానే వైరస్ పైపొర ఆ సంచి పొరతో కలిసిపోయి, లోపలున్నది కణంలోకి జారిపోతుంది. ఇక కణం తన పని మానేసి దాని పని చేస్తుంది. దానిలాంటివే వేలకు వేలు తయారుచేసి బయటికి పంపుతుంది."

"తెలియకుండానే తింటుందా?" అన్నాను.

"తెలియకుండానే."

మా అత్త ఒక్కసారిగా ముందుకు వంగింది. "అదే గదా తల్లీ నేను మొదట్నుంచి మొత్తుకునేది! తెలవకుండా పెట్టినారని!"

డాక్టరమ్మ నవ్వలేదు. "అవును పెద్దమ్మా. పెట్టింది దోమ. తిన్నది మీవాడు కాదు, మీవాడి ఒంట్లో కణాలు. ఏ పసరు తాగించినా అది కక్కుకు రాదు."

నేనూ అంత తేలిగ్గా నమ్మలేదు. ఒంట్లో తిరిగేది తలలోకి ఎందుకు పోయిందని అడిగాను. మెదడు రక్తనాళాలకు గట్టి గోడ ఉంటుందట, మామూలుగా ఏదీ దాటలేదట. ఒక్కోసారి గోడ సందులు వదులై దాటుతుంది, ఒక్కోసారి కాపలా తిరిగే తెల్లకణంలోనే దాక్కుని పోతుంది, ఒక్కోసారి నరం వెంట పాకుతుంది. "మీ ఆయనకు ఏ దారిన పోయిందో నేను చెప్పలేను" అంది. నాకు ఆ మాటతోనే ఆమె మీద నమ్మకం కుదిరింది. ఆ పంచె మడతవాడికి మాత్రం అన్నీ తెలుసు.

కాలు సంగతి కూడా చెప్పింది. సూది గుచ్చింది వెన్నుపాము చివరికి ఇంకా కిందన. వైరస్ పైన, కాలిని కదిలించే నరాల కణాల్లోకి పోయింది. సూది గుచ్చకపోయినా కాలు అలాగే అయ్యేది. మా అత్త వింది. నమ్మిందో లేదో ముఖం చూసి చెప్పలేకపోయాను. వైరస్‌కు మందు ఏమీ లేదన్నారు. వాపు తగ్గడానికి, ఫిట్స్ రాకుండా, నిమోనియాకు మాత్రమే మందులు. మిగతాది ఒళ్ళే చూసుకోవాలి.

ఒళ్ళు చూసుకుంది. వెంటిలేటర్ తీశారు. కళ్ళు తెరిచాడు, కూతురి పేరు పలికాడు. ముక్కులో పైపు తీసేసిన రోజు నోటితో ఏమైనా పెట్టమన్నారు. నేను రాగి జావ పలచగా చేయించి స్పూన్‌తో నోటి దగ్గర పెట్టాను. ఆయన పళ్ళు బిగించాడు.

"నువ్వు తాగు ముందు."

తాగాను. మళ్ళీ పెట్టాను. తల పక్కకు తిప్పేసి అన్నాడు, "నువ్వేం కలిపినావో నాకు తెల్సు. కక్కించినాయన చూపించినాడు గదా."

గ్లాసు మా అత్త తీసుకుంది. ఆమె చేత్తో తాగాడు. నేను బాత్రూమ్‌లోకి పోయి పంపు తిప్పి ఏడ్చాను. ఇన్ని రోజులు చావకుండా చూసుకున్న మనిషి నన్ను హంతకురాలిని చూసినట్టు చూస్తే ఎలా ఉంటుందో, అది పడినవాళ్ళకే తెలుసు.

డాక్టరమ్మ చెప్పింది ఇది: మెదడువాపు తర్వాత కొందరికి అనుమానం, భయం మిగులుతాయి. జ్వరంలో విన్న మాట ఒకటి దొరికితే మెదడు దాన్నే పట్టుకుంటుంది. తగ్గుతుందని చెప్పగలను కానీ ఎప్పుడని చెప్పలేను. వాదించొద్దు.

ఇంటికి తెచ్చుకున్నాం. వంట నేను చేసేదాన్ని, వడ్డించేది మా అత్త. నేను వండానని ఆయనకు తెలియకూడదు. అంతటితో అయిందా? మా అత్త పొయ్యి పక్కనే పీట వేసుకుని నా చేతులనే చూస్తూ కూర్చునేది. నాకు తిక్క పుట్టి డబ్బా తీసిన ప్రతిసారీ పైకెత్తి చూపించేదాన్ని. "ఇది ఉప్పు అత్తా. ఇది కారం. ఇది చింతపండు, కావాలంటే నాకి చూడు." ఆమె పీట మాత్రం కదిపేది కాదు. మా అమ్మాయి సెలవులకు వచ్చి ఈ వేడుక చూసి, "ఏందమ్మా ఇది, ఇల్లా పోలీసుస్టేషనా?" అని ఏడ్చింది. మార్కాపురం కాపురం మాట ఎవరూ ఎత్తలేదు. పుట్టింటికి పోదామా అనుకున్నాను, కానీ పోతే తప్పు చేసింది కాబట్టే పోయింది అంటారు. అందుకే మొండిగా ఉన్నాను.

ఒక మధ్యాహ్నం మా అత్త కంచంలో జొన్న సంగటి, గోంగూర పచ్చడి పెట్టుకుని ఆయన మంచం దగ్గరికి పోయింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆయన సంగటి వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మా, నువ్వేం కలిపినావు దీంట్లో?"

"ఏం కలుపుతాను రా? తిను నాయనా."

"నువ్వు కూడా ఆమెతో కలిసినావు. మీరిద్దరూ కలిసే నన్ను చంపుతున్నరు." కంచాన్ని చేత్తో తోసేశాడు. సంగటి నేల మీద పడింది.

 మా అత్త కింద కూర్చుని నేల మీది సంగటి ఎత్తసాగింది.  నేను పోయి పక్కన కూర్చుని ఎత్తాను. "నన్ను కూడా అంటాడేందే" అంది. "నేను కన్నతల్లిని గదనే. నేను వానికి మందు పెడతానా?"

చాలా మాటలు నా నోటిదాకా వచ్చాయి.  ఆమె ముఖం చూశాక అనబుద్ధి కాలేదు. "అది జబ్బు అత్తా. బావ అనట్లేదు, జబ్బు అంటోంది" అన్నాను. ఆమె నా వైపు చూసింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకున్నప్పుడు చూసిన చూపు అది.

మర్నాడు గుంటూరు పోదామని మా అత్తే తొందరపెట్టింది. డాక్టరమ్మ ముందు నేను నోరు తెరవకముందే ఆమే అంతా చెప్పేసింది, మందు కక్కించినవాడు ఏమన్నాడో, అది విని ఆయన ఎలా తల ఊపాడో, ఇప్పుడు తనను కూడా ఏమంటున్నాడో. డాక్టరమ్మ రాత్రిపూట వేసుకోవడానికి ఒక చిన్న డోసు మాత్ర రాసింది. "ఒకే కంచంలో అందరూ కలిసి తినండి. ముందు ముద్ద ఆయన చూస్తుండగా మీరు తినండి. బతిమాలొద్దు, కోప్పడొద్దు" అంది.

ఇంటికి వచ్చాక మా అత్త పొయ్యి దగ్గరి పీట తీసి వసారాలో వేసుకుంది. "నాకు పొగ పడట్లే. నువ్వే చూసుకో" అంది. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి, పొగే రాదు.  అంతకంటే పెద్ద మాట ఆమె నోటి నుంచి వస్తుందని నేను ఆశించలేదు కూడా.

ఆ మాత్ర పని చేయడానికి చాలా వారాలు పట్టింది. మధ్యలో రెండు అడుగులు వెనక్కి పడిన రోజులూ ఉన్నాయి. ఒకసారి నీళ్ళ చెంబు కూడా నమ్మక పంపు దగ్గరికి పాక్కుంటూ పోయాడు. ఫిజియోథెరపీ వల్ల కాలు కొంత నిలబడింది. పాదం వేలాడకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకుని, కర్ర పట్టుకుని నడుస్తాడు. మంద మూడొంతులు అమ్మేశాం. ఎవరు అమ్మించారన్న తగాదా రాలేదు. మార్కాపురం పోలేదు, అమ్మాయే వారం వారం వస్తుంది. మంద బయట కట్టడం మానేశాం, పడుకునే చోట దోమతెర లేకుండా ఎవరూ పడుకోరు. ఆ గుంత అలాగే ఉంది, కొంగలూ అలాగే ఉన్నాయి. ఆ వైపు పోయినప్పుడల్లా నేను వాటిని అనుమానంగానే చూస్తాను.

పిల్లలను తల్లులకు వదిలే పని ఇప్పుడు నాది. ఆయన నులక మంచం మీద కూర్చుని ఏది దేని పిల్లో చెబుతాడు. ఎక్కువ సార్లు సరిగ్గానే చెబుతాడు. తప్పు చెబితే గొర్రె కుమ్ముతుంది, మేమిద్దరం నవ్వుతాం.

ఇది చదివే వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. జ్వరంతో ఉన్న మనిషి మాట మారినా, మనుషులను పోల్చుకోలేకపోయినా, దిక్కుతోచక నడిచినా, దాన్ని తగాదాగానో దయ్యంగానో చూడకండి. అది మెదడు చెబుతున్న లక్షణం. నోట్లో ఏమీ పోయకుండా అదే గంటలో పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఎవరు ఏం పెట్టారన్న విచారణ మనిషి బతికాక పెట్టుకోవచ్చు.

మొన్న మధ్యాహ్నం ఎప్పటిలాగే కంచంలో సంగటి, పప్పు పెట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను. మొదటి ముద్ద ఆయన చూస్తుండగా నేను తిన్నాను. అలవాటుగా రెండోది కూడా కలిపి నోటి దగ్గరికి తీసుకుపోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.  మళ్ళీ మొదలైందా అనుకున్నాను.

"చాల్లేవే" అన్నాడు. "అంతా నువ్వే తింటే నాకేం మిగుల్తుంది?"

నా చేతిలో ముద్దను అలాగే వంగి నోటితో అందుకుని తిన్నాడు. వసారాలో మా అత్త పీట మీద కూర్చుని అటువైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను ఇంకో ముద్ద కలిపాను.